పోయిన అర గుర్రం

దుర్గాంబ బరువు యాభై ఎనిమిది కిలోలు. ఆ మాట దుర్గాంబే చెప్పింది కాబట్టి కాదన్నవాళ్ళు లేరు. పెళ్ళయిన కొత్తలో విజయవాడ స్టేషన్లో రంగుదీపాలు తిరిగే మిషనెక్కి, నాణెం వేసి, టికెట్టు పుచ్చుకున్ననాటి లెక్క అది. తర్వాత భర్తకి బదిలీలయ్యాయి, కలకత్తా వచ్చింది, కలకత్తాతో పాటు సందేశ్‌లూ, మిష్టి దోయి అనే తీపి పెరుగూ వచ్చాయి. ఇన్ని మార్పులు జరిగినా ఆ టికెట్టు మీది అంకె మాత్రం మారలేదు. మార్చవలసిన అవసరం ఆవిడకి కనిపించలేదు.

భర్త రామనాథం బ్యాంకులో ఆఫీసరు. మంచివాడే. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. కూరలో ఉప్పు మరిచిపోతే, డాక్టరు తగ్గించమన్నాడులే అని తినేస్తాడు. అలాంటి మనిషి నడివయసులో కారు కొన్నాడు. తెల్లరంగు పాత ఫియట్. కొన్నరోజే దాన్ని రాస్‌బిహారీ దగ్గర ఫుట్‌పాత్ ఎక్కించి, చెప్పులు కుట్టేవాడి గొడుగుకి బెత్తెడు దూరంలో ఆపి, బ్రేకులు భేషుగ్గా ఉన్నాయన్నాడు. పక్క సీట్లో దుర్గాంబ కళ్ళు మూసుకుని ఉంది. ఆ మూసుకున్న కళ్ళతోనే సింహాద్రి అప్పన్నకి మొక్కేసుకుంది. స్వామీ, ఏడాదిపాటు ఈయన ఎవరినీ గుద్దకుండా, ఎవరి చేతా గుద్దించుకోకుండా కాపాడితే బెల్లంతో తులాభారం తూగుతాను అని.

ఏడాది గడిచింది. అప్పన్న తన పని తాను చేశాడు. అందుకు ఎంత అవస్థ పడ్డాడో ఆయనకే తెలియాలి. ఇక మిగిలింది దుర్గాంబ వంతు. అక్కడొచ్చాయి రెండు చిక్కులు. మొక్కు దేనికో తెలిస్తే రామనాథం నొచ్చుకుంటాడు. కలకత్తాలో తనంత నిదానంగా నడిపేవాడు ఇంకొకడు లేడని ఆయన నమ్మకం. రెండోది, గుళ్ళో కాటా ముందు పాత టికెట్లు చెల్లవు. అందుకని ఆవిడ ఈ సంగతి ఒక్క జగ్గమ్మకే చెప్పి, పైకి పొక్కనివ్వనని ఒట్టు వేయించుకుంది.

జగ్గమ్మ, ఖిదిర్‌పూర్‌లో కార్లు బాగుచేసే పోలిరాజు పెళ్ళాం. మొగుడూ పెళ్ళాలిద్దరిదీ శ్రీకాకుళం వైపు. పోలిరాజు ఓడరేవు డాకులో క్రేన్లు రిపేరు చేసే పర్మనెంటు ఉద్యోగం వదులుకుని, రేకుల షెడ్డు వేసుకుని, పైన తన పేరు రాయించుకున్న మనిషి. పర్మనెంటు వదులుకున్న వెర్రివాడని డాకు కూలీల ఇళ్ళ లైన్లలో వాళ్ళవాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. రామనాథం కారు తెచ్చినప్పుడల్లా మగవాళ్ళు బానెట్టులో తలలు పెడితే, ఆడవాళ్ళిద్దరూ వెనక వసారాలో కబుర్లలో పడేవాళ్ళు. అలాంటి ఒక మధ్యాహ్నం జగ్గమ్మ ఆవిణ్ణి పక్కనున్న పిండిమరకి తీసుకెళ్ళి, గోధుమ బస్తాలు తూచే కాటా ఎక్కించింది. డెబ్బై తొమ్మిది. దుర్గాంబ మొహం చూసి, "బరువనుకోకండమ్మా, అదంతా బలమే" అంది. ఆ తర్వాత పోస్తా బజారుకి తనే వెళ్ళి ఎనభై కిలోల బెల్లం బేరం చేసి తెచ్చింది.

ఇదిలా ఉండగా రామనాథానికి ఇంకో పురుగు తొలిచింది. కారు లాగడం లేదు. పోలిరాజు చూసి, ట్యూనింగ్ చేస్తే సరిపోతుందన్నాడు. కార్బురేటర్ కడిగి, ప్లగ్గులు మార్చి, ట్యాపెట్లు సరిచేసి, టైమింగ్ దిద్దితే బండి ఎగిరి గంతులేస్తుందన్నాడు. రామనాథం బ్యాంకు మనిషి. గంతులు ఆయనకి చాలవు, అంకె కావాలి. ముందెన్ని హార్స్‌పవర్, తర్వాత ఎన్ని?

ఆ అంకె తీసే బాధ్యత నరసింహం గారు నెత్తిన వేసుకున్నారు. కాలేజీలో ఫిజిక్సు చెబుతారు, రామనాథానికి చదరంగం నేస్తం. మిషన్లేమీ అక్కర్లేదు, రెండో హుగ్లీ వంతెన ఉందిగా అన్నారాయన. అప్పటికి వంతెన తెరిచి రెండేళ్ళయినా ఆదివారం పొద్దున్న దాని మీద పెద్దగా బళ్ళు ఉండేవి కావు. కింద నుంచి పై దాకా యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి ఎక్కించాలి. ఎంత బరువుని, ఎంత ఎత్తుకి, ఎంతసేపట్లో ఎక్కించిందో లెక్క కడితే ఇంజను బలం బయటపడుతుంది. నీళ్ళబిందె మేడ మీదికి మోసే మనిషికైనా ఇంజనుకైనా సూత్రం ఒకటేనన్నారు. గాలికీ, టైర్లకీ ఖర్చయ్యే బలం ఆయన విడిగా కలుపుకుంటారట. దుర్గాంబ ఆ సమయంలో వంటింట్లో పకోడీలు వేస్తూ ఉంది. ఇద్దరు మగవాళ్ళు నీళ్ళబిందె గురించి ఇంతసేపు మాట్లాడుకోవడం వింతే అనుకుంది.

రామనాథం కారుని బడ్జ్ బడ్జ్ దాకా తోలుకుపోయి, తన బ్యాంకులో ఖాతా ఉన్న జూట్ మిల్లువాళ్ళని బతిమాలి, లారీలు తూచే వేబ్రిడ్జి మీద ఖాళీ కారుని తూయించాడు. ఆ తర్వాతి ఆదివారం తనూ, స్టాప్‌వాచ్‌తో నరసింహం గారూ, వెనక పోలిరాజూ కూర్చుని వంతెనెక్కారు. లెక్క ఇరవై తొమ్మిది దగ్గర తేలింది.

రామనాథం అంతటితో ఊరుకోలేదు. ఆంధ్ర సంఘం మీటింగులో లేచి, ట్యూనింగ్ చేయించాక వచ్చే అంకెని వచ్చే ఆదివారం సాయంత్రం ఇక్కడే చదివి వినిపిస్తానని ప్రకటించేశాడు. సంఘంలో కార్లున్న ఆఫీసర్లు అరడజను మందికి పైనే. అంకె పెరిగితే మా కార్లన్నీ పోలిరాజుకేనని వాళ్ళు మాటిచ్చారు. ఈ కబురు విన్నప్పటి నుంచి పోలిరాజుకి ఆ ఫియటే లోకమైపోయింది. ఇంజనుని పసిపిల్లకి నలుగు పెట్టినట్టు తుడిచాడు. ఆ అంకె పెరిగితే షెడ్డు నిలబడుతుంది. తగ్గిందా, డాకు లైన్లలో నవ్వేవాళ్ళదే నిజమవుతుంది.

ఆ ఆదివారమే దుర్గాంబ తులాభారానికి ముహూర్తం. అప్పన్న గుడి ఖిదిర్‌పూర్‌లోనే, షెడ్డుకి దగ్గర్లో. డాకు కూలీలు చందాలు వేసుకుని కట్టుకున్న చిన్న గుడి. తనూ వస్తానని, పరీక్ష అయ్యాక గుడి దగ్గర దింపేయమని దుర్గాంబ భర్తతో అంది. రామనాథం సంతోషించాడు. ఎన్నడూ లేనిది భార్యకి హార్స్‌పవర్ మీద ఆసక్తి పుట్టిందనుకున్నాడు. పట్టుచీర దేనికని మాత్రం అడగలేదు. ఆయన ధ్యాసంతా కార్బురేటర్ మీదే ఉంది.

టాక్సీలో షెడ్డుకి చేరేసరికి జగ్గమ్మ ఎదురొచ్చి, ఆవిణ్ణి పక్కకి లాగి చెవిలో చెప్పింది. వెనక వసారాలో దాచిన బెల్లానికి రాత్రి చీమలు పట్టాయట. మొగుడు టీకి వెళ్ళిన సందు చూసి బస్తాలన్నీ కారు డిక్కీలో సర్దేసిందట. ఎలాగూ కారు గుడికే కదా పోయేది. జగ్గమ్మ తెలివికి దుర్గాంబ మురిసిపోయింది. మొగుడి కారులో, మొగుడికి తెలియకుండా, మొగుడి చేతే మొక్కు మోయించడం అంటే మాటలా? హాయిగా వెళ్ళి వెనక సీట్లో కూర్చుంది.

నరసింహం గారు కాగితం, పెన్సిలు తీశారు. అందరి బరువులూ కావాలన్నారు. రామనాథం తనది చెప్పాడు. పోలిరాజు తనది చెప్పాడు. ఆయనది ఆయనే రాసుకున్నారు. అక్కడ పెన్సిలు ఆగిపోయింది. ఆయన షెడ్డు రేకుల వంక చూసి, గొంతు సవరించుకుని, వెనక సీటు లెక్క కూడా ఉంటే బాగుంటుందని గాలిలోకి అన్నారు. రామనాథానికి ఉన్నట్టుండి సైడు అద్దం మీద దుమ్ము కనిపించింది.

"యాభై ఎనిమిది" అంది దుర్గాంబ.

పెన్సిలు ఒక్క క్షణం తటపటాయించి, తల ఎత్తకుండా ఆ అంకె వేసింది. జగ్గమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. స్పానరు చేత్తో పట్టుకున్న పోలిరాజు వెనక చక్రం వైపు చూశాడు, వంగాడు, ఇంకా వంగాడు. తర్వాత సీట్లో కూర్చున్న దుర్గాంబని చూశాడు. చటుక్కున నిటారుగా నిలబడి, స్పానరు జేబులో పెట్టుకుని, అటు తలుపు తీసి ఒక అంచున ఒదిగి కూర్చున్నాడు.

వంతెన మొదట్లో నరసింహం గారు వాచీ నొక్కారు. రామనాథం కాలు నొక్కాడు. దుర్గాంబ కళ్ళు మూసుకుంది. కారు మొదట బాగానే ఊపందుకుంది. సగం ఎక్కాక మూలిగింది. పక్కనుంచి ఒక మినీబస్సు దాటిపోయింది, దాని కండక్టరు తలుపు బాదుతూ వీళ్ళకేసి జాలిగా చూశాడు. పోలిరాజు రెండు చేతులతో ముందు సీటు పట్టుకుని, తోస్తే ముందుకి పోతుందేమో అన్నట్టు దాన్ని నెడుతూ కూర్చున్నాడు. పైకి చేరాక నరసింహం గారు వాచీ నొక్కి, అంకె చూసి, కళ్ళజోడు సవరించుకున్నారు.

షెడ్డుకి తిరిగొచ్చి బానెట్టు మీద కాగితం పరిచి లెక్క కట్టారు. ఒకసారి కట్టి, మళ్ళీ కట్టి, కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి కట్టారు. ఇరవై ఎనిమిదిన్నర.

"అర గుర్రం పోయింది" అన్నాడు రామనాథం మెల్లగా.

ఎదుట టీకొట్టు బెంచీ మీదున్న నలుగురు బెంగాలీ అన్నలు, అదే దాదాలు, టీ తాగే మట్టి భాడ్‌లు చేత్తో పట్టుకునే లేచి వచ్చారు. అర గుర్రం ఎటు పోయిందన్నది క్షణంలో ఆ వీధి సమస్యగా మారింది. పెట్రోల్లో కిరసనాయిలు కలిపారని ఒకాయన. గుర్రం పోలేదు, వంతెనే ఎత్తు పెరిగిందని ఇంకొకాయన. టీకొట్టు బిశుదా అందరినీ ఆగమని, దీని వెనక కేంద్ర ప్రభుత్వం ఉందని వివరంగా చెప్పడం మొదలుపెట్టాడు.

పోలిరాజు ఇవేమీ వినడం లేదు. బానెట్టు ఎత్తి ఇంజనుకేసి చూస్తూ నిలబడ్డాడు. కన్నబిడ్డ పరీక్ష తప్పి ఇంటికొస్తే తండ్రి ఎలా చూస్తాడో అలా చూశాడు.

రామనాథం అతని భుజం మీద చెయ్యి వేసి, పరవాలేదులే అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ పరవాలేదు అన్నమాట పోలిరాజుని ఇంకా కుంగదీసింది. సాయంత్రం మీటింగులో అంకె చదవక తప్పదనీ, మాటిచ్చాననీ రామనాథం నేలచూపులు చూస్తూ అన్నాడు. అబద్ధం చదవడం ఆయన వల్ల కాదు.

"సదవండి సారూ" అన్నాడు పోలిరాజు. "ఉన్నదే సదవండి. నా సేతిలో ఏటో పోనాది. రేపు డాకు కాడికెళ్ళి అడుగుతాను, మల్లీ ఎట్టుకుంతారేమో."

దుర్గాంబ ఆ మాట విని, నరసింహం గారి దగ్గరకొచ్చి, అసలీ లెక్క ఎలా కడతారో ఇంకొకసారి చెప్పమంది. ఆయన పాఠం చెప్పే గొంతుతో మళ్ళీ నీళ్ళబిందె ఎత్తుకున్నారు. మేడ మీదికి బిందె మోస్తున్నావమ్మా, చూసేవాడు సగం బిందె అనుకున్నాడు, నిజానికి నిండు బిందె. అప్పుడు నువ్వు మెల్లగా ఎక్కితే వాడేమంటాడు? మనిషిలో సత్తువ లేదంటాడు. సత్తువ ఉంది, లెక్కలో లేనిది బరువు. అది చెప్పి, కానీ ఇక్కడ బరువులన్నీ సరిగ్గానే ఉన్నాయి కదా అని ఆకాశం వంక చూశారు.

దుర్గాంబకి పకోడీలనాడు ఎక్కని ఫిజిక్సు ఒక్క దెబ్బకి బుర్రకెక్కింది. డిక్కీలో నిండు బిందె ఉంది. వెనక సీట్లో ఇంకో సగం బిందె ఉంది. ఆవిడ జగ్గమ్మకేసి చూసింది. జగ్గమ్మ ఏడవడం లేదు, ఆవిణ్ణి బతిమాలడం లేదు, కనీసం ఆవిడవైపు చూడడం కూడా లేదు. అరుగు మీద కూర్చుని కాళ్ళకేసి చూసుకుంటోంది. ఒట్టు వేసింది కాబట్టి మొగుడి షెడ్డు మూతపడుతున్నా నోరు విప్పదు. దుర్గాంబకి అంత సిగ్గు జన్మలో ఎప్పుడూ వేయలేదు.

అయినా వెంటనే నోరు రాలేదు. రాలేదంటే రాలేదు, ఆవిడ దేవత కాదు. ఎదురుగా మొగుడు, లెక్చరరు, నలుగురు దాదాలు. బెల్లం సంగతి ఒక్కటీ చెప్పి, రెండోది దాచేస్తే? ఎనభై కిలోల బెల్లం ఎవరి తూకానికని ఎవడడిగినా అడుగుతాడు. లేదూ, రేపెప్పుడో మెల్లగా ఆయన చెవిలో వేస్తే? సాయంత్రమే మీటింగు. ఆవిడ పట్టుచీర కొంగు దోపుకుంది.

"నరసింహం గారూ, ఆ యాభై ఎనిమిది కొట్టేయండి. డెబ్బై తొమ్మిది అని రాయండి" అంది, ఆ వీధి చివరికి వినిపించేలా. "దానికి ఇంకో ఎనభై కలపండి. పోలిరాజూ, డిక్కీ తియ్యి."

డిక్కీ తెరుచుకుంది. బెల్లం వాసన గుప్పుమంది. చీమలు కూడా వంతెనెక్కి దిగొచ్చాయని తేలింది. బిశుదా కేంద్రాన్ని వదిలేశాడు. నరసింహం గారి పెన్సిలొక్కటే గబగబా పరిగెత్తింది. ఈసారి ఆయన ఒక్కసారే లెక్క కట్టారు. ముప్పై ఒకటి. పోయిన అర గుర్రం తిరిగొచ్చింది, రెండు గుర్రాలు అదనంగా వచ్చాయి.

జగ్గమ్మ అప్పుడు ఏడ్చింది. పోలిరాజు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"నాను ముందే సూసినానమ్మా. ఎనక బాగా దిగిపోనాది. మీరు కూకున్నారు గదా, ఎలగడుగుతాం అని ఊరుకున్నాను."

నరసింహం గారు దగ్గారు. తనకి కూడా ఆ అంకె రాస్తుంటే అనుమానం వచ్చిందనీ, కానీ ఆడవాళ్ళ బరువు గురించి రెట్టించడం పద్ధతి కాదనీ ఒప్పుకున్నారు. దుర్గాంబ భర్తవైపు తిరిగింది. రామనాథం సైడు అద్దం తుడుస్తూ, పరుపు మీద ఇన్నేళ్ళుగా తన వైపు ఎత్తుగా ఉండడం తనూ గమనించానని చిన్నగా చెప్పాడు. అంటే ముగ్గురికీ తెలుసు. తను ఇన్నేళ్ళుగా ఒంటరిగా దాచుకుంటున్నాననుకున్న రహస్యాన్ని చుట్టూ ఉన్నవాళ్ళందరూ కలిసి దాస్తూ వచ్చారు. ముగ్గురు మగవాళ్ళ మర్యాద కలిసి ఒక మనిషి షెడ్డు మూయించబోయింది. దుర్గాంబకి కోపం రావాల్సింది. నవ్వొచ్చింది.

"ఇంతకీ బెల్లం దేనికి?" అన్నాడు రామనాథం.

కారులో చెబుతానంది. చెప్పింది. రాస్‌బిహారీ, ఫుట్‌పాత్, గొడుగు, మూసుకున్న కళ్ళు, అన్నీ చెప్పింది. రామనాథం గుడిదాకా రెండో గేరులోనే నడిపాడు. రిక్షాలు దాటిపోతున్నా పట్టించుకోలేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఇంత నిజం ఒక్క పూటలో చెప్పి ఉండకూడదేమోనని దుర్గాంబకి బెంగ పట్టుకుంది.

గుళ్ళో జూట్ గోడౌన్ నుంచి తెచ్చిన పెద్ద కాటా దూలానికి కట్టి ఉంది. డాకు లైన్ల జనం సగం అక్కడే ఉన్నారు. దుర్గాంబ ఒక తట్టలో కూర్చుంది. పోలిరాజూ, జగ్గమ్మా రెండో తట్టలో బెల్లం దిమ్మలు పేర్చారు. చివరి దిమ్మ పెట్టగానే ఆవిడ కాళ్ళు నేల వదిలాయి, ముల్లు నిటారుగా నిలబడింది. బెల్లం కిలో ఎక్కువుండాలి కదా అని నరసింహం గారు గొణుక్కుని, పట్టుచీరకి చెల్లు అని తనే జవాబు చెప్పుకున్నారు.

పూజారి గోత్రం అడిగాడు, పేర్లు అడిగాడు, మొక్కు దేని నిమిత్తమో చెప్పమన్నాడు. దుర్గాంబ తట్టలో ఊగుతూ నోరు తెరిచి, మూసింది. తన బరువంటే తనది, చెప్పుకుంది. ఈ గుట్టు ఆయనది.

రామనాథం రెండు చేతులూ జోడించాడు.

"నా డ్రైవింగు నిమిత్తం స్వామీ" అన్నాడు అందరికీ వినపడేలా. "ఏడాదిగా నేనెవరినీ గుద్దలేదు. అదంతా నా గొప్పేననుకున్నాను."

జనం గొల్లుమన్నారు. పోలిరాజు నవ్వు ఆపుకోలేక కాటా గొలుసు పట్టుకున్నాడు, తట్ట మళ్ళీ ఊగింది. దుర్గాంబకి కళ్ళు చెమర్చాయి. ఈ మనిషిని మళ్ళీ పెళ్ళి చేసుకోమన్నా చేసుకుంటాననిపించింది, కారు లేకుండా అయితే.

హారతి కళ్ళకద్దుకుంటున్నప్పుడు ఆవిడకి గుర్తొచ్చింది. ఈయన చేతిలోని కారుకి ఈ పొద్దున్నుంచి రెండు గుర్రాల బలం ఎక్కువ. ఆవిడ మళ్ళీ గట్టిగా కళ్ళు మూసుకుని, ఇంకో ఏడాది కాపాడమని అప్పన్నకి కొత్త మొక్కు మొక్కుకుంది. బెల్లంతోనే తులాభారం. ఈసారి తట్టలో కూర్చునేది మాత్రం ఆయనే.